చిల్లు లేని కుండీలో అజేలియా: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

పటమట,
విజయవాడ.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. ‘ఇంటి లోపల ఏ మూల పెట్టినా ఏడాది పొడవునా పూసే మొక్క’ అన్న మీ ప్రకటన చూసి, ఫిబ్రవరిలో మీ యాప్‌లో గులాబీరంగు అజేలియా, దానితోపాటు తెల్ల సిరామిక్ కుండీ కాంబోగా తెప్పించుకున్నాను. ఉగాది దాటి కొన్నాళ్లకే మొక్క చచ్చిపోయింది. మొక్క అన్నాక చావదా అంటారేమో. చస్తుంది, అంతమాత్రానికే ఉత్తరం రాసే మనిషిని కాను. మీరు చెప్పి అమ్మిన మాటలే అబద్ధం. అడిగితే మీవాళ్లు తప్పు నా మీదకు తోశారు. అందుకే రాస్తున్నాను.

వచ్చిన రోజున మొక్క ముచ్చటగానే ఉంది. సగం విచ్చిన పూలు, కొమ్మ కొమ్మకీ మొగ్గలు. కొద్ది రోజులకే ఆ మొగ్గలు గోధుమరంగుకు తిరిగి, విచ్చకుండా కాడ మీదే ఎండిపోయాయి. మీరు పంపిన కార్డులో ‘రోజూ ఒక గ్లాసు కుళాయి నీళ్లు’ అని అచ్చు వేశారు. కుండీ అడుగున మాత్రం చిల్లే లేదు! మొక్క వాడిపోయాక బయటికి తీసి చూస్తే అడుగున నీళ్లు నిలిచి, మురుగు కంపు. కొబ్బరిపొట్టును పిండితే ధారగా కారింది. నల్లబడ్డ వేరును పట్టుకుని లాగితే పైతొక్క జారి చేతికొచ్చింది, లోపల సన్నటి నార మిగిలింది. ఇది వేరుకుళ్లు. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు, కుళ్లిపోతాయి. మొక్కలు అమ్మే కంపెనీకి ఇది నేను చెప్పాలా?

మీ కస్టమర్ కేర్‌లో మొదట మాట్లాడిన అబ్బాయి నీళ్లు ఎక్కువయ్యాయన్నాడు. కార్డులో ఉన్నది చదివి వినిపిస్తే ఫోను ఇంకొకరికి ఇచ్చాడు. ఆవిడేమో తేమ చాలలేదంది. చివరికి ఈసారి కొనే మొక్క మీద తగ్గింపు కూపన్ పంపారు. కుండీకి చిల్లెందుకు లేదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. అజేలియా రోడోడెండ్రాన్ జాతి మొక్క, చల్లటి చోట బతికేది. మొగ్గ సరిగ్గా విచ్చాలంటే ముందు కొన్ని వారాలు మంచి చలి తగలాలి. అందుకే షెడ్లలో చల్లగా ఉంచి మొగ్గ తెప్పించి, పూత మీద ఉండగా అమ్ముతారు. ఊటీలోనో డార్జిలింగ్‌లోనో అయితే సరే. బెజవాడలో మే నెలలో 45 డిగ్రీలు కూడా చూశాం, రాత్రి పూట కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఇక్కడ అది ఏడాది పొడవునా ఎలా పూస్తుంది? పైగా దానికి ఆమ్లగుణం ఉన్న మట్టి కావాలి, పీహెచ్ (ఆమ్లగుణాన్ని కొలిచే అంకె) 4.5 నుంచి 6 లోపు. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్లు, బకెట్లకు తెల్లగా పెచ్చు కడుతుంది. అలాంటి నీళ్లు పోస్తూ పోతే మట్టిలో ఆమ్లగుణం తగ్గి, ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఆకు ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు తిరగడం అందుకే. నేను పంపిన ఫొటోల్లో అదీ కనిపిస్తుంది.

మా బాల్కనీలో ముద్దమందారం, నందివర్ధనం, నూరువరహాలు కుండీల్లోనే ఏళ్ల తరబడి పూస్తున్నాయి. కడియం మొక్కలు బండి మీద తెచ్చి మా వీధిలో అమ్మే ఆయన కూడా ‘ఇది నీడలో పూయదమ్మా, పొద్దుటెండ తగలాలి’ అని ముందే చెప్పి మరీ ఇస్తాడు. ఆయనకు యాప్ లేదు, ‘నిపుణుల బృందం’ అంతకన్నా లేదు.

వీటన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ఇంకోదానికి. మీ పేజీలో ‘పిల్లలకూ పెంపుడు జంతువులకూ సురక్షితం’ అని రాశారు. అజేలియా ఆకులోనూ పువ్వులోనూ కూడా గ్రేయనోటాక్సిన్ అనే విషం ఉంటుంది. కుక్క గానీ పిల్లి గానీ కొన్ని ఆకులు నమిలితే చొంగ కారుస్తూ వాంతులు చేసుకుంటుంది, ఎక్కువ తింటే గుండె కొట్టుకోవడం మందగించి ప్రాణం మీదకు వస్తుంది. పక్కవాళ్ల కుక్కపిల్ల రోజూ మా హాల్లోనే ఆడుకుంటుంది, కుండీ పెట్టింది కూడా అక్కడే. అది ఆకు కొరక్కపోవడం మా అదృష్టం, మీ గొప్ప కాదు.

మొక్కకు బదులు మొక్క పంపుతామంటే నాకు అక్కర్లేదు, అదీ ఇలాగే చస్తుంది. మొక్క, కుండీ, డెలివరీ ఛార్జీలు కలిపి నేను కట్టిన మొత్తం వెనక్కి ఇవ్వండి. ఆ ‘సురక్షితం’ అన్న మాట ఇవాళే తీసేయండి. చల్లటి ప్రాంతాల మొక్క అని కొనే ముందే కనిపించేలా రాయండి, చిల్లు లేని కుండీలో మొక్క నాటి పంపడం మానండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని, డబ్బివ్వనని అనడానికీ వీల్లేదు. నెలలోపు డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, మీ ఆఫీసున్న ఊరికి రానక్కర్లేదు.

బిల్లు, కార్డు నకలు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు, వేళ్ల ఫొటోలు జతచేశాను. కుండీ మా ఇంట్లోనే ఉంది, ఎప్పుడైనా మీ మనిషిని పంపి తీసుకెళ్లండి.

ఇట్లు,
మీ వినియోగదారు