నక్క కడుపులో పురుగు, మన కాలేయంలో తిత్తి

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మా ఊరి మాంసం కొట్టులో పొట్టేలు కాలేయం మీద నిమ్మకాయంత తెల్లటి నీటి తిత్తి కనిపించింది. కొట్టతను దాన్ని కోసి కుక్కకు విసిరేశాడు. బద్దెపురుగు పిల్లలుండేది ఆ తిత్తిలోనే! కుక్క, నక్క, తోడేలు పేగుల్లో అవి ఏడు మిల్లీమీటర్లు దాటని పురుగులవుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి గడ్డికి, ఆకుకూరలకు అంటుకుంటాయి. ఆ గుడ్లు మన నోట్లోకి పోతే కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అలాంటి తిత్తే ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. మాంసం తింటే వచ్చే జబ్బు కాదిది. అడవి నక్కను పట్టుకుని మందు వేయలేం కదా! ఊరకుక్కలకు రేబిస్ టీకాతో పాటు బద్దెపురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ మందు కూడా వేయించాలి. కొట్ల పక్కన తిత్తులు పాతిపెట్టే గుంట ఉండాలి. పంచాయతీ ఈ రెండూ చేయించగలదు.

- ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా