తలుపు పక్కన నోట్‌బుక్

అమ్మడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. తేదీ చూస్తే పదమూడు రోజుల కిందటిది. నువ్వు నాలుగు నెలల పనికి వెళ్లిన ఆ మారుమూల ఊరికి పడవ వారానికి ఒక్కసారే వస్తుందన్నావు కాబట్టి, ఇది నీ చేతికి అందేసరికి నీ మనసు అప్పటిలా ఉండకపోవచ్చు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

"వచ్చి తప్పు చేశానేమో నాన్నా" అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. తిరిగి వచ్చేయమని రాయాలనిపించింది, నిజం చెబుతున్నాను. కానీ నువ్వు వెళ్లి అప్పటికి పద్దెనిమిది రోజులే. ఆ ఊరికి అవి చాలవు. పని చేతికి అలవాటు కావాలి, నిద్ర కుదరాలి, మనుషులు నిన్ను పేరు పెట్టి పిలవాలి. వీటిలో ఏ ఒక్కటీ తొందరపెడితే జరిగేది కాదు.

ముందు నిద్ర సంగతి చూడు. రాత్రి పదకొండుకి కూడా వెలుతురు ఉంటుందంటున్నావు. ఉత్తరాన అంత దూరం వెళ్తే జూన్‌లో అంతే, చీకటి పడితేనే కదా నిద్ర వేళయిందని ఒంటికి తెలిసేది. కిటికీకి మందపాటి దుప్పటి మేకులతో కొట్టెయ్. నిద్ర చాలకపోతే చిన్న మాట కూడా పెద్దగా గుచ్చుకుంటుంది. నీ దిగులులో సగం నిద్రలేమే అని నా అనుమానం.

ఇప్పుడు అసలు సంగతి. మీ మెస్ తలుపు పక్కన నోట్‌బుక్ వేలాడుతోందని, ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో అందులో అందరూ రాసి వెళ్తారని, అది స్కూల్లో అటెండెన్స్‌లా ఉందని రాశావు. ఆ నోట్‌బుక్ గురించే నీతో మాట్లాడాలి.

నాకు 24 ఏళ్లప్పుడు అడవిలో సర్వే క్యాంపులో ఒక సీజన్ పనిచేశానని నీకు తెలుసు. మూడో వారం ఒక ఆదివారం జరిగింది మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. అందరూ పేకాడుతున్నారు. నన్నెవరూ పిలవలేదు. నేనున్నా లేకపోయినా వీళ్లకి ఒకటే అనుకుని, ఎవరికీ చెప్పకుండా వాగు వెంట పైకి నడిచాను. వాన పట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు వాగు రెండుగా చీలిన చోట తప్పు పాయ పట్టుకున్నాను. క్యాంపు చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

గుమ్మం దగ్గర వంటాయన కూర్చుని బూట్లలోంచి నీళ్లు ఒంపుతున్నాడు. యాభై దాటినవాడు. అప్పటిదాకా నాతో రెండు మాటలు కూడా మాట్లాడి ఉండడు. రాత్రి భోజనాల దగ్గర ఒక కంచం మిగిలిపోవడం చూసింది ఆయనేనట. ఇంకా ముగ్గురు లాంతర్లు పట్టుకుని వాగు వెంట తిరుగుతూనే ఉన్నారు. నా చొక్కా గుండీలు విప్పుకుందామంటే వేళ్లు వంగలేదు, ఆయనే విప్పాడు. వేడి టీ చేతిలో పెట్టాడు. తర్వాత మా క్యాంపులోనూ ఉన్న అలాంటి నోట్‌బుక్ తెచ్చి నా చేత నా పేరు రాయించి, దాని మీద గీత కొట్టించాడు. "రాసి వెళ్లు, వచ్చాక కొట్టెయ్" అన్నాడు. అంతే. తిట్టలేదు. ఆ ముగ్గురూ తడిసి ముద్దయి తిరిగొచ్చాక వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

ఆ రాత్రి నాకు పట్టింది మామూలు చలి కాదని తర్వాత తెలిసింది. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతే దాన్ని హైపోథర్మియా అంటారు. దానికి మంచు పడనక్కర్లేదమ్మా, 10 డిగ్రీల్లో తడి బట్టలతో గాలికి తిరిగితే చాలు. వేళ్లు మొద్దుబారడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. నీలో గానీ పక్కవాళ్లలో గానీ అది కనిపిస్తే వెంటనే తడి బట్టలు మార్చాలి. బయటికి వెళ్లే రోజు కాటన్ వేసుకోకు, ఉన్ని వేసుకో. ఉన్ని తడిసినా కొంత వెచ్చగా ఉంచుతుంది.

వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయని రాశావు. ఎంత తేటగా ఉన్నా కాచకుండా తాగకు. బాగా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచాలి, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. జియార్డియా అనే క్రిమి కడుపులోకి పోతే జబ్బు బయటపడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఇవాళ తాగాను, ఏమీ కాలేదు కదా అనుకుంటే మోసపోతావు.

ఎలుగుబంట్లంటే నాకు టెన్షనే, దాచను. బేర్ స్ప్రే, అదే ఎలుగు మీదికొస్తే చిమ్మే మిరప ఘాటు డబ్బా, బ్యాగులో కాదు, నడుముకి ఉండాలి. టూత్‌పేస్టు వాసనకి కూడా అవి వస్తాయి, తిండితో పాటు దాన్నీ గట్టి పెట్టెలో పెట్టు. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో ఎలుగుకి కనీసం 100 గజాల దూరంలో ఉండాలని నియమం. ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకెయ్యకు.

అక్కడ చలికాలం కూడా ఉండిపోయేవాళ్లు మీతో ముభావంగా ఉంటున్నారని బాధపడ్డావు. ప్రతి ఏడాదీ కొత్త ముఖాలు వస్తాయి, నాలుగు నెలల్లో వెళ్లిపోతాయి. ఎంతమందికని వాళ్లు మనసు ఇస్తారు? వాళ్ల మౌనాన్ని కోపం అనుకోకు. పడవ వచ్చిన రోజు నీ డ్యూటీ అయిపోయినా సామాన్లు దింపడానికి వెళ్లు. కట్టెలు ఎలా పేర్చాలో అడుగు. నాకు కత్తి నూరడం నేర్పింది ఆ వంటాయనే.

అమ్మ నీకు ఉన్ని మేజోళ్లు పంపుతోంది, మూడు జతలు.

వచ్చే పడవకి ఉత్తరం వెయ్యి. పెద్దది అక్కర్లేదు. ఆ వారం నోట్‌బుక్‌లో నీ పేరు కింద ఎవరి పేరుందో, ఇద్దరూ ఎటు వెళ్లారో, ఎన్నింటికి గీత కొట్టారో రాస్తే చాలు.

నాన్న