ఈ రాత్రి ఏడో మ్యాచ్ (2025 నవంబర్ 1)

అందరికీ నమస్కారం. బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో టొరంటో బ్లూ జేస్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తలపడుతున్నాయి, ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లకే కప్పు. నిన్నటి ఆరో మ్యాచ్ టెన్షన్ నాకింకా తగ్గలేదు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మన బ్లూ జేస్ ఆటగాడు బార్జర్ కొట్టిన బంతి నేరుగా వెళ్లి గోడకున్న మెత్త కింద ఇరుక్కుపోయింది! బంతి అలా ఇరుక్కుంటే రూల్ ప్రకారం ఆటగాళ్లు రెండు బేస్‌లే ముందుకెళ్లాలి, అంతే ఇచ్చారు, లేకపోతే ఒక పరుగు ఖాయం. ఆ తర్వాత డాడ్జర్స్ ఫీల్డర్ కీకే హెర్నాండెజ్ ముందుకు దూసుకొచ్చి క్యాచ్ పట్టి, వెంటనే రెండో బేస్‌కి విసిరాడు. ఒకే బంతికి కొట్టినవాడూ, రెండో బేస్ వదిలి ముందుకొచ్చిన బార్జరూ ఇద్దరూ అవుట్. 3-1తో డాడ్జర్స్ గెలిచి సిరీస్ 3-3 చేశారు.

ఈ రోజు టొరంటో తరఫున మొదట బంతులు విసిరే పిచర్ షెర్జర్. వయసు 41. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టు కప్పు గెలిచిన ఏడో మ్యాచ్ మొదలుపెట్టిందీ ఆయనే, అందుకే నాకు నమ్మకం.

నా అంచనా: బ్లూ జేస్ 5-4. మన బ్యాటర్ గెరెరో జూనియర్ కీలకమైన హిట్ కొడతాడు. 1993 తర్వాత మళ్లీ కప్పు రావాలని మనసారా కోరుకుంటున్నా. కానీ డాడ్జర్స్ స్టార్ ఓటానీ బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ గుండె దడే. 18 ఇన్నింగ్స్ సాగిన మూడో మ్యాచ్‌లో అతన్ని ఎలా ఆపాలో తెలియక వరసగా వాక్ (కొట్టకుండానే మొదటి బేస్‌కి పంపడం) ఇచ్చారు కదా.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఆదివారం ఉదయం 5:30కి మొదలు. అలారం పెట్టుకోండి, మీ స్కోరు అంచనాలు ఈలోపే ఇక్కడ పెట్టండి.