ట్రయల్‌లో లేని రోగుల సంగతి

సంపాదకులకు నమస్కారం.

కొత్త మందు గురించి వార్త వచ్చిందంటే ‘మరణాలు 30 శాతం తగ్గాయి’ లాంటి అంకె ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎవరిలో తగ్గాయన్నది మాత్రం ఉండదు. మీ పత్రికే కాదు, అన్ని పత్రికలూ అంతే. అది తెలియకపోతే గుంటూరు కొత్తపేటలో డాక్టరు గది ముందు కూర్చున్న రోగికి ఆ అంకెతో ఒరిగేది తక్కువ.

30 శాతం అని ఊరికే అనలేదు. గుండె బలహీనపడినవాళ్లకు స్పైరనోలాక్టోన్ అనే పాత మాత్ర ఇస్తే మరణాలు అంతమేరకు తగ్గాయని 1999లో రేల్స్ అనే ట్రయల్ (రోగులకు మందు ఇచ్చి చేసే పరీక్ష) తేల్చింది. మంచి ట్రయలే. 1,663 మంది రోగులు, సగటు వయసు 65. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లనూ, రక్తంలో పొటాషియం అప్పటికే ఎక్కువున్నవాళ్లనూ అసలు చేర్చుకోలేదు. చేరినవాళ్లకు మొదటి పన్నెండు వారాలూ నాలుగు వారాలకోసారి రక్తపరీక్ష చేశారు. ఎందుకంటే ఈ మాత్ర పొటాషియాన్ని పెంచుతుంది, అది మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

ఆ ఫలితం వెలువడ్డాక కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లు పెద్దవయసు రోగులకు ఈ మాత్ర విరివిగా రాశారు. అక్కడి పెద్దవయసు గుండె బలహీనత రోగుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 ఉంటే, 2001 నాటికి 11 అయ్యారు. దానివల్ల చనిపోయినవాళ్లూ పెరిగారు. స్కాట్లాండ్‌లోని టేసైడ్‌లో కూడా ఇదే మాత్ర వాడకం బాగా పెరిగింది, కానీ ఆసుపత్రి పాలైనవాళ్లు పెరగలేదు. అక్కడ రక్తపరీక్షలు కూడా దాంతోపాటు పెరిగాయి మరి. అంటే ట్రయల్‌లో రోగికి అందేది మాత్ర ఒక్కటే కాదు, వెనకాల కనిపెట్టి ఉండే మనుషులు కూడా. వార్తకెక్కేసరికి మాత్ర ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. పల్నాడు నుంచి బస్సెక్కి వచ్చి చూపించుకుని, అదే చీటీ మీద ఊళ్లో మెడికల్ షాపులో నెలల తరబడి మందులు కొనుక్కునే పెద్దాయన్ని తలుచుకోండి. షుగరుంది, కిడ్నీలు అంతంతమాత్రం. మోకాళ్లకని షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకుంటాడు, అవీ పొటాషియాన్ని పెంచగలవు. రోహిణి కార్తెలో చలవ చేస్తుందని రోజూ కొబ్బరి బోండాం తాగుతాడు, అందులోనూ పొటాషియం దండిగా ఉంటుంది. ఇలాంటి మనిషిని రేల్స్ లెక్కలోకి ఎలా తెస్తాం?

బీపీ సంగతీ అంతే. పై అంకె 120 లోపు ఉంచితే గుండెకు మేలని అమెరికాలో చేసిన స్ప్రింట్ ట్రయల్ 2015లో చెప్పింది. అందులో షుగరున్నవాళ్లనూ, పక్షవాతం వచ్చినవాళ్లనూ తీసుకోలేదు. మన పేటల్లో బీపీ ఉండి షుగర్ లేని పెద్దవాళ్లని వెతుక్కోవాలి! అక్కడ రోగిని ఐదు నిమిషాలు స్థిమితంగా కూర్చోబెట్టాకే బీపీ చూశారు. మన ఓపీల్లో మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్ల చేతికి అప్పటికప్పుడే పట్టీ చుడతారు. ఆ 120, ఈ 120 ఒకటి కావు.

అలాగని ప్రతి మందునూ ఇక్కడ మొదటి నుంచి పరీక్షించాలని నేననను. అంతకాలం ఆగలేని రోగులుంటారు. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్‌లలో అనుమతి పొందిన కొన్ని రకాల మందులకు స్థానిక ట్రయల్ అక్కర్లేదని 2024 ఆగస్టులో కేంద్రం చెప్పింది. దానిమీద నాకు పేచీ లేదు. కానీ అలా మినహాయింపు పొందిన కంపెనీ, మందు అమ్మకానికి వచ్చాక ఇక్కడి రోగుల్లో నాలుగో దశ ట్రయల్ చేయాలని కొత్త మందులు, ట్రయల్స్ గురించిన 2019 నిబంధనల్లో ఉంది. ఆ ట్రయల్ మహానగరాల కార్పొరేట్ ఆసుపత్రులతో సరిపెట్టకుండా గుంటూరు జీజీహెచ్‌కు, విజయవాడ ప్రభుత్వాసుపత్రికి వచ్చే రోగుల్లోనూ జరగాలి. డెబ్బై దాటినవాళ్లనూ, కిడ్నీ జబ్బున్నవాళ్లనూ వదిలేయకూడదు. ఫలితాలు ఎలా ఉన్నా బయటపెట్టాలి.

మీకో విన్నపం. మందుల వార్తల్లో ఇంకో రెండు వాక్యాలకు చోటివ్వండి: ట్రయల్‌లో ఎవరిని తీసుకున్నారు, ఎవరిని వద్దన్నారు. దాని కిందే, మందు వికటిస్తే రోగులే స్వయంగా ఫోన్ చేసి చెప్పగల జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలను కనిపెట్టే విభాగం) ఉచిత నంబరు 1800-180-3024 కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు