తూటా పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పుస్తకంలో పాత కౌబాయ్ రివాల్వర్ల నకళ్ళ మీద వచ్చిన ఐటమ్ చదివాను. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్, అంటే వెనకుండే సుత్తి, వేలితో లాగి పేల్చే రివాల్వర్) గురించి, ఇటలీలో బ్రెషియా దగ్గర గార్డోనె వాల్ ట్రోంపియాలో ఉబెర్టి లాంటి కంపెనీలు ఇప్పటికీ అదే మోడల్‌కి రెప్లికాలు చేస్తుండటం గురించి బాగా రాశారు. కానీ చివర్లో ఒక్క లైన్ దగ్గర ఆగిపోయా. .45 కోల్ట్ అని రాసున్న తూటా ఏదైనా వీటిలో వాడుకోవచ్చు అని ఉంది. ఆ లైన్ తప్పండి. ఆస్టిన్‌లో ఉండే మా పిన్ని కొడుకు అదే లైన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, అన్నయ్యా నేను కూడా ఒకటి తీసుకుంటున్నా, తూటాల గురించి టెన్షన్ లేదంట కదా అన్నాడు, అందుకే ఈ ఉత్తరం.

నేను డాలస్ దగ్గర ఉంటాను, ఎనిమిదేళ్ళ నుంచి ఈ రెప్లికా రివాల్వర్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నా. మొదట్లో నేను చేసిన తప్పు కూడా సరిగ్గా ఇదే. రివాల్వర్ కొన్న వారానికి ఒక గన్ షోలో తూటాల బాక్స్ కొన్నా, పైన పెద్ద అక్షరాల్లో .45 కోల్ట్ అని ఉంది, నా రివాల్వర్ బ్యారెల్ మీద కూడా .45 కోల్ట్ అనే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. ఇంట్లో ఒకటి సిలిండర్లో (తూటాలు పట్టే తిరిగే చక్రంలో) పెట్టి చూస్తే చక్కగా పట్టింది కూడా. శనివారం రేంజ్‌లో బాక్స్ తెరుస్తుంటే పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన, డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి, బాక్స్ ఒకసారి చూడనివ్వు అన్నాడు. తిప్పి పక్క మడత మీద ఉన్న చిన్న అక్షరాలు చూపించాడు, ప్లస్ పి అని, అంటే మామూలు కంటే ఎక్కువ ప్రెషర్ అని, ఫలానా బలమైన రివాల్వర్లలో తప్ప కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో గానీ దాని నకళ్ళలో గానీ వాడకూడదు అని స్పష్టంగా ఉంది. ఒక్కటి కూడా లోడ్ చెయ్యకు, వెనక్కి పెట్టెయ్ అన్నాడు. నేను చదవలేదు అంతే. ఆయన ఆ రోజు పక్కన లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది.

ఎందుకు తేడా అంటే, .45 కోల్ట్ అనేది నల్ల మందు (పాతకాలం తుపాకీ మందు) రోజుల్లో పుట్టిన తూటా. పొడుగాటి ఇత్తడి గొట్టంలో దాదాపు 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) నల్ల మందు దట్టించి మీద 250 గ్రెయిన్ల పైన బరువుండే సీసం గుండు పెట్టేవాళ్ళు. తర్వాత పొగ రాని మందు వచ్చింది, అయినా తూటా పేరు మారలేదు, కొలతలు మారలేదు. ఇప్పటికీ ఆ తూటాకి అమెరికా పరిశ్రమ పెట్టుకున్న ప్రెషర్ హద్దు 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే .357 మ్యాగ్నమ్‌కి 35,000, .44 మ్యాగ్నమ్‌కి 36,000. అంటే చూడ్డానికి లావుగా ఉన్నా .45 కోల్ట్ మెత్తటి తూటా అన్నమాట. కానీ కొన్ని కొత్త రివాల్వర్లు లావుపాటి సిలిండర్‌తో, గట్టి ఫ్రేమ్‌తో వచ్చాయి, వాటి కోసం కొన్ని కంపెనీలు అదే ఇత్తడి గొట్టంలో దాదాపు రెట్టింపు ప్రెషర్ వచ్చేట్టు మందు నింపి అమ్ముతున్నాయి. పేరు అదే, సైజు అదే, ఏ .45 కోల్ట్ సిలిండర్లో అయినా దూరుద్ది. రెప్లికాలో ఆ సిలిండర్ గోడలు పల్చన, అందులోనూ సిలిండర్ తిరిగి ఆగడానికి బయట గాడి తవ్విన చోట ఇంకా పల్చన. అక్కడ పగిలితే సిలిండర్ పై సగం, దాని మీదుండే ఫ్రేమ్ పట్టీ రెండూ లేచిపోతాయి, ఎగిరే ఉక్కు ముక్కలు మొహానికి రెండడుగుల దూరంలో ఉంటాయి.

మాది పల్నాడు. మా తాత మిరప చేలో పందుల్ని బెదరగొట్టడానికి నాటు తుపాకీ పేల్చే రోజుల గురించి చెప్పేవాడు. మందు ఒక చిటికెడు ఎక్కువ దట్టిస్తే గొట్టం చీలుద్ది అని ఊళ్ళో చిన్న పిల్లోడికి కూడా తెలుసు అనేవాడు. అక్కడ మందు మన చేతుల్లో కొలిచి పోస్తాం కాబట్టి భయం ఉండేది, ఇక్కడ ఫ్యాక్టరీలో నింపి అందమైన బాక్స్‌లో ఇస్తారు కాబట్టి ఆ భయం పోయింది, నాకు పోయింది కాబట్టే చెప్తున్నా.

మరి ఏం కొనాలి అంటే, బాక్స్ మీద కౌబాయ్ లోడ్ అని ఉన్నవి, సీసం గుండువి, 200 లేదా 250 గ్రెయిన్ల బరువు, స్పీడు సెకనుకి 700 నుంచి 850 అడుగుల దాకా రాసున్నవి చూసుకోండి. ప్లస్ పి అని గానీ, ఫలానా గన్‌లో మాత్రమే అని గానీ ఒక్క ముక్క ఉన్నా షెల్ఫ్‌లోనే వదిలెయ్యండి. గన్‌తో వచ్చిన మాన్యువల్ పోయుంటే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటది, ముందు అది చదవాలి, తర్వాతే షాపుకి. కౌబాయ్ పోటీలు పెట్టే సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ, 1987 నుంచి ఉంది అది, వాళ్ళ రూల్‌లో కూడా సీసం గుండే వాడాలి, రివాల్వర్ స్పీడు సెకనుకి 1,000 అడుగులు దాటకూడదు. ఇనప టార్గెట్ మీద మెత్తటి సీసం చితికిపోద్ది, రాగి తొడుగు ఉన్నది ముక్కలై వెనక్కి వచ్చే ప్రమాదం ఎక్కువ. ఎలాగైనా కళ్ళజోడు తియ్యొద్దు. అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకోవద్దు, సీసం పిల్లలకి విషం.

పేర్ల గందరగోళం ఇంకా ఉంది. .357 అని ఉన్న రెప్లికాలో .38 స్పెషల్ వాడొచ్చు, ప్రెషర్ తక్కువ, మొదటిసారి పేల్చేవాళ్ళకి నేనైతే అదే చెప్తా. .45 కోల్ట్‌లో పొట్టిగా ఉండే .45 స్కోఫీల్డ్ కూడా వాడొచ్చు. కానీ .45 ఏసీపీ అనేది ఆటోమేటిక్ పిస్టల్ తూటా, రెండూ .45 ఏ కదా అని .45 కోల్ట్ సిలిండర్లో వెయ్యకూడదు, దానికి వేరే సిలిండర్ ఉండాలి, కొన్ని మోడళ్ళకి రెండు సిలిండర్లు ఇస్తారు. చవగ్గా దొరికే .22 రివాల్వర్లకీ ఇలాగే రెండు సిలిండర్లు వస్తాయి, మ్యాగ్నమ్ సిలిండర్లో మామూలు .22 లాంగ్ రైఫిల్ వేస్తే వదులుగా ఉండి తూటా గొట్టం చీలుద్ది, గ్యాస్ వెనక్కి కొడుతుంది. ఇక 1851 నేవీ, 1860 ఆర్మీ లాంటి మందూ గుండూ విడివిడిగా నింపే రెప్లికాలు, వాటిలో నల్ల మందు లేదా దానికి బదులుగా అమ్మే మందు మాత్రమే, పొగ రాని మందు ఎంత కొంచెమైనా పొయ్యకూడదు. ఇందులో బేరాల్లేవు.

ఎవరో ఇంట్లో నింపిన తూటాలు ఎంత మంచి ఫ్రెండ్ ఇచ్చినా తీసుకోకండి. .45 కోల్ట్ తూటా గొట్టం పెద్దది, పొగ రాని మందు అందులో అడుగునే ఉంటది, పొరపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తది, పైనుంచి చూస్తే తెలీదు. అసలు మందు పడకపోతే ఇంకో ప్రమాదం, ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే చిన్న టోపీ) ఒక్కటే టప్‌మని గుండుని బ్యారెల్ మధ్య దాకా నెట్టి వదిలేస్తది. చప్పుడు తేడాగా వస్తే చేతిలో గన్ టార్గెట్ వైపే గురిపెట్టి ఉంచి ఆపెయ్యాలి, ఇంకోటి పేల్చకూడదు. బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 1993లో సినిమా షూటింగ్‌లో చనిపోయింది ఇలాంటి దాని వల్లే. డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటా గుండు బ్యారెల్లో ఇరుక్కుపోయి ఉంది, తర్వాత అదే రివాల్వర్లో బ్లాంక్ (మందు మాత్రమే ఉండి గుండు లేని తూటా) పేల్చారు, ఆ గుండు బయటికొచ్చి తగిలింది.

2021 అక్టోబర్లో న్యూ మెక్సికోలో సినిమా షూటింగ్‌లో సినిమాటోగ్రాఫర్ హలైనా హచిన్స్ ప్రాణం తీసింది సరిగ్గా మీరు రాసిన రకం గన్నే, ఇటలీలో చేసిన కోల్ట్ రెప్లికా. డమ్మీల మధ్య నిజం తూటాలు కలిసిపోయాయి. ఆ సినిమాకి ఆయుధాలు చూసుకున్న అమ్మాయికి 2024లో 18 నెలల జైలు పడింది. డమ్మీ తూటాలో చిన్న గోళీ వేస్తారు, చెవి దగ్గర ఊపితే గలగలమంటది, లేదా పక్కన రంధ్రం ఉంటది. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. ఇంట్లో ప్రాక్టీస్‌కి డమ్మీలు పెట్టుకున్నవాళ్ళు నిజం తూటాలు అదే గదిలో కూడా పెట్టుకోవద్దు.

ఇంకొకటి, పాత పద్ధతిలో చేసిన రెప్లికాల్లో హ్యామర్ కొన ప్రైమర్ మీదే ఆని ఉంటది, కింద పడితే పేలొచ్చు. అందుకే సిలిండర్లోని ఆరు గదుల్లో ఐదే నింపుతారు. ఒకటి నింపి, ఒకటి వదిలి, నాలుగు నింపి, హ్యామర్ పూర్తిగా లాగి ఖాళీ గది మీద దించాలి. రేంజ్‌లో కలిసిన ఆ పెద్దాయన ఇది నాతో ఖాళీ సిలిండర్ మీద యాభై సార్లు చేయించాడు.

మీ పాఠకుల్లో ఇక్కడి స్టూడెంట్లు, హెచ్1బి వాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. ఆ వీసాల మీద ఉన్నవాళ్ళు హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మా తమ్ముడికి గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి ఆ బాధ లేదు. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడకండి, జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసే, మర్చిపోయానండీ అని చెప్పుకోవడానికి వకీలుని పెట్టుకోవాలి.

సవరణ వేస్తే దయచేసి లోపలి పేజీలో మూలకి కాకుండా అదే ఆదివారం పుస్తకంలో, ఆ ఐటమ్ వచ్చిన చోటే వెయ్యండి, దాన్ని చదివినవాళ్ళే ఇదీ చదవాలి. మా తమ్ముడికి ఫోన్‌లో చెప్పా, వాడు ఇంకా తూటాలు కొనలేదు, షాపుకి వెళ్ళినప్పుడు బాక్స్ నాలుగు పక్కలా ఫొటోలు తీసి నాకు పంపి అప్పుడు బిల్లు కట్టమన్నా.

ఇట్లు
మీ పాఠకుడు, డాలస్, టెక్సస్