ఇంటర్న్‌షిప్ అంటే సీలు, సంతకమేనా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. లాసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఏ లా కాలేజీలో చేర్పిస్తే మంచిదని అడగడానికి తల్లిదండ్రులు మా బార్ అసోసియేషన్ గదికి రావడం మామూలే. ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, హాజరు గట్టిగా పట్టించుకుంటారా అని అడుగుతారు గాని, ఆ కాలేజీ తన విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపుతుందని అడిగినవారు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు. ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇరవై మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిగా ఈ ఒక్క విషయం గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయ విద్యా నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివేవారు కోర్సు ముగిసేలోగా కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ అది ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. ట్రయల్ కోర్టుల్లోను, అప్పీలు కోర్టుల్లోను పనిచేసే న్యాయవాదుల దగ్గర కనీసం ఒక్కసారైనా ఉండి తీరాలి. ఇది కాక మూట్ కోర్టు (నమూనా కోర్టు వాదనల) పేపరులో భాగంగా ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చుని చూసి రాసినందుకు 30 మార్కులు, కక్షిదారుతో న్యాయవాది మాట్లాడే తీరును రెండుసార్లు గమనించి, దావా వేయడానికి ముందు జరిగే తయారీతో కలిపి డైరీలో రాసినందుకు మరో 30 మార్కులు ఉన్నాయి. కాగితం మీద ఇంతకంటే బాగా రాయడం కష్టం.

గత ఏడాది జూన్ చివర్లో ఒక కుర్రవాడు నా ఆఫీసుకు వచ్చాడు. నాలుగు వారాల డైరీ పూర్తిగా రాసుకుని, మార్జిన్లు కొట్టి, అట్ట వేసుకుని మరీ తెచ్చాడు. ‘సంతకంతో పాటు మీ సీలు కూడా కావాలంట సార్’ అన్నాడు. తిరగేశాను. మే రెండో వారంలో ఒక స్థలం దావాలో వాది తరఫు సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ చూశానని, సాక్షి ఎక్కడెక్కడ తడబడ్డాడో గమనించానని, ముత్యాల్లాంటి చేతిరాతతో ఉంది. ఆ వారం సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. ఏ దావాలోనూ ఏ సాక్షీ బోనెక్కలేదు. ఆ మాటే చెబితే కుర్రవాడు సిగ్గుపడ్డాడు గాని పెద్దగా ఆశ్చర్యపోలేదు. పై బ్యాచ్ వాళ్ల డైరీ చూసి రాసుకున్నానని ఒప్పుకున్నాడు. నేను సంతకం పెట్టలేదు. అయితే ఇందులో నేను గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు. తెలిసినవాళ్ల పిల్లలు కదా అన్న మొహమాటానికి, అంతకుముందు రెండు మూడు డైరీలకు చదవకుండానే సీలు కొట్టిన చెయ్యే ఇది.

తప్పంతా ఆ కుర్రవాడి మీద వేసి చేతులు దులుపుకోవడం తేలిక. కాలేజీకి సెలవులిచ్చేది మే నెలలో. సివిల్ కోర్టులు మూతపడేదీ మే నెలలోనే. ఇక అతను దావా విచారణ ఎప్పుడు చూడాలి? మేజిస్ట్రేట్ కోర్టు నడుస్తుంది గనుక క్రిమినల్ కేసయినా చూడవచ్చు గాని, ఫలానా రోజు ఫలానా కేసులో సాక్ష్యం ఉందని అతనికి చెప్పేవారెవరు? నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చదివేవారు నెలల ముందే దరఖాస్తులు పెట్టుకుని హైదరాబాదు, ఢిల్లీ, ముంబయి ఆఫీసుల్లో చోటు సంపాదించుకుంటారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎండాకాలం, చలికాలం సెలవుల్లో నడిపే ఇంటర్న్‌షిప్‌ల సంగతి కూడా వారికి ముందే తెలుస్తుంది. కందుకూరు నుంచో కనిగిరి నుంచో వచ్చిన మొదటి తరం విద్యార్థికి ఢిల్లీలో నెల రోజుల గది అద్దె అంటే ఇంట్లో ఒక పంటకు పెట్టే ఖర్చు. అతన్ని ఢిల్లీ ఎందుకు పోలేదని అడగడం కంటే, అతని ఊరి కోర్టులోనే అతనికి పని ఎందుకు చూపించలేకపోతున్నామని అడగడం న్యాయం.

పని లేదనుకుంటే పొరపాటు. మొన్న సంక్రాంతికి ముందు, ఉచిత న్యాయ సహాయం అందించే మా మండల న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా, అంటే న్యాయవాది కాకపోయినా ఆ సహాయంలో చేయందించే కార్యకర్తగా, చేరిన ఒక ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని కొద్ది రోజులు నా ఆఫీసులో మా గుమాస్తా పక్కన కూర్చుంది. ఒకరోజు ఉదయం అరవై ఏళ్లు దాటిన ఒక ఆవిడ, పమిట కొంగులో ముడివేసుకున్న సమన్లు విప్పి బల్ల మీద పెట్టి, ‘ఇల్లు జప్తు చేస్తారా అమ్మాయ్?’ అని అడిగింది. జతపరిచిన దావా కాపీ అంతా ఇంగ్లీషులో ఉంది. ఆ పిల్ల దానిని చివరి పేజీ దాకా చదివి, ‘జప్తు కాదు పెద్దమ్మా, ప్రోనోటు బాకీకి దావా వేశారు, నువ్వు జవాబు ఇవ్వాలి’ అని చెప్పింది. తర్వాత నోటు తేదీ చూసింది, దావా వేసిన తేదీ చూసింది, మధ్యలో మూడేళ్లు దాటిపోయాయని గమనించింది. నోటు వెనకవైపు వందల్లో ఏదో మొత్తం చెల్లు వేసినట్టు ఒక వేలిముద్ర ఉంది. ‘ఈ వేలిముద్ర ఎప్పుడు వేశావు పెద్దమ్మా?’ అని అడిగింది. ఆవిడ తన బొటనవేలు వంక చూసుకుని, బాకీలో ఒక్క రూపాయి కూడా తిరిగి కట్టలేదు, ఇంక చెల్లు ఎక్కడిది అంది. కేసు నడుస్తోంది గనుక ఇంతకుమించి చెప్పను. ప్రోనోటు దావాకు గడువు మూడేళ్లు, ఆ లోగా చెల్లు వేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది; కాలపరిమితి చట్టంలో చెల్లు ఎందుకు ముఖ్యమో తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పినా అంటనిది ఆ పిల్లకు ఆ అరగంటలో అంటుకుందని మాత్రం చెప్పగలను. ఆ తర్వాత ఆవిడను వెంటబెట్టుకుని కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లి దరఖాస్తు రాయించింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉందని ఆవిడకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చనీ తెలియదు.

ఇటువంటిదే మరో పని మా కోర్టుకు కూతవేటు దూరంలోని సబ్ జైలులో ఉంది. 1979 నాటి హుసేనారా ఖాతూన్ కేసును, అంటే విచారణ లేకుండానే బీహారు జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గినవారి కేసును, మన విద్యార్థులు పరీక్షకు కంఠతా పడతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 479 ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడే నేరాలు కాకుండా మిగతా కేసుల్లో, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైలులో గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడవుతాడు. మిగతావారికి అది సగం కాలం. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టులోనే చెప్పింది. మూడేళ్ల వరకు శిక్ష పడే మామూలు దొంగతనం కేసులో మూడోవంతు అంటే ఒక ఏడాది. అరెస్టు తేదీ, సెక్షను, గరిష్ఠ శిక్ష, ఇంకేమైనా కేసులు పెండింగులో ఉన్నాయా అన్న వివరాలతో ఒక పట్టిక తయారుచేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వడానికి వకాల్తా అక్కర్లేదు, వాదన అక్కర్లేదు. అనుమతి తీసుకుని, ఒక ప్యానెల్ న్యాయవాది పర్యవేక్షణలో ఇద్దరు విద్యార్థులు వారం రోజుల్లో చేయగల పని ఇది.

మనకు ఇది కొత్తా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద పేదల భూ సమస్యల కోసం పల్లెల్లోని చదువుకున్న యువతీయువకులను పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తీసుకుని శిక్షణ ఇచ్చారు. లా చదివినవారిని, రిటైరైన రెవెన్యూ ఉద్యోగులను వారికి అండగా పెట్టారు. అడంగల్లో పేరెక్కని రైతుకు ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో వారికి తెలిసినట్టు మా జూనియర్లలో చాలామందికి ఇవాళ్టికీ తెలియదు.

చట్టంలో దారులు ఉన్నాయి. న్యాయ విద్యార్థులు న్యాయవాదులుగా నమోదయ్యేదాకా పారాలీగల్ వాలంటీర్లుగా పనిచేయవచ్చని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) పథకమే చెబుతోంది. లా కాలేజీల్లో న్యాయసహాయ కేంద్రాలు నెలకొల్పి వాటి పనిని పర్యవేక్షించే బాధ్యత అదే 1987 చట్టం సెక్షన్ 4లో ఉంది. ఇంటర్న్‌షిప్ చేయదగిన చోట్లలో స్థానిక స్వపరిపాలన సంస్థలను, చట్టసభలను కూడా బార్ కౌన్సిల్ నిబంధన పేర్కొంది. మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తులకు జవాబులు ఎలా తయారవుతాయో, గ్రామసభ తీర్మానం ఎలా రాస్తారో నాలుగు వారాలు చూసినా అది ఇంటర్న్‌షిప్ కిందికే వస్తుందన్న మాట. కాలేజీల్లో ఎంతమంది ప్రిన్సిపాళ్లు ఈ వాక్యం చదివారో నాకు అనుమానమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ నిబంధనల్లోనే ఉన్న మరో మాట. సెలవుల్లో విద్యార్థులను తమ దగ్గర ఇంటర్న్‌లుగా చేర్చుకోవడానికి ఇష్టపడే, కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాదుల జాబితాను రాష్ట్ర బార్ కౌన్సిళ్లు జిల్లాల వారీగా తయారుచేయాలి; బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దానిని వెబ్‌సైటులో పెట్టి, కాలేజీలకూ అందించాలి. అటువంటి జాబితా ఒకటి ఉండాలన్న సంగతే మా బార్‌లో చాలామందికి తెలియదు. రెండు రాష్ట్రాల్లోనూ తాలూకా కోర్టుల వరకు పేర్లు సేకరించి ఆ జాబితాను అందరికీ కనబడేలా పెట్టాలని, డైరీ మీద సంతకం చేసే న్యాయవాది పేరు అందులో ఉంటేనే మార్కులు వేయాలని నా మనవి. ఇది జరిగితే సీలు వ్యాపారం పూర్తిగా ఆగుతుందని చెప్పను గాని, సీలు కొట్టే ముందు మాలాంటివాళ్లం ఒక్క క్షణం ఆలోచిస్తాం. విశ్వవిద్యాలయాలు కూడా నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌ను మే నెల నుంచి తప్పించి, సివిల్ కోర్టులు నడిచే రోజుల్లోకి మార్చాలి.

ఇక డబ్బు సంగతి. ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉచిత ప్రయాణం ఉంది గనుక వారి దారిఖర్చు కొంత తగ్గింది. మగపిల్లలకు, మధ్యాహ్న భోజనానికి, జిరాక్సులకు ఖర్చు ఖర్చే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పేరుతో జూనియర్ న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు 5 వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దానిని ఎగతాళి చేసినవారున్నారు, దానివల్ల పట్నం వదిలి సొంత ఊరి కోర్టుకు తిరిగి వచ్చినవారూ ఉన్నారు. న్యాయ సేవాధికార సంస్థల్లో నాలుగు వారాలు నిజంగా పనిచేసిన విద్యార్థికి దానిలో సగమైనా దారి ఖర్చుల కింద ఇస్తే ప్రభుత్వాలకు పెద్ద భారం కాదు.

విద్యార్థులు ఆఫీసుకు వస్తే పని చెడుతుందని, కక్షిదారుల రహస్యాలు బయటపడతాయని మా సీనియర్లు కొందరు అంటారు. రహస్యాల మాట కొట్టిపారేయదగింది కాదు. ఆ విద్యార్థిని వచ్చిన మొదటి రోజే ఈ గదిలో విన్నది గడప దాటకూడదని గట్టిగా చెప్పాను, దాటలేదు. పని చెడుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఫైళ్లు మోయడానికి, జిరాక్సుకు పరిగెత్తించడానికి మాత్రమే వాళ్లను వాడుకుని, వాళ్లకు ఏమీ రాదని నిందించేది మనమే.

వచ్చే సెలవుల్లో నా ఆఫీసులో ఇద్దరికి చోటు ఉంది. కాజ్‌లిస్టు (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితా) ముందు రోజే చూసుకుని ఉదయం పది గంటలకల్లా కోర్టులో ఉండాలి. డైరీ ఏ రోజుది ఆ రోజు సాయంత్రం నా ముందే రాయాలి. నల్లకోటు కొనుక్కునే స్తోమత లేనివారు మొహమాటపడనక్కర్లేదు. తెల్ల ప్యాంటు, టక్ చేసిన పొడుగు చేతుల చొక్కా, బూట్లు ఉంటే చాలని బార్ కౌన్సిల్ నిబంధనలోనే రాసి ఉంది.

భవదీయుడు,
ఒక న్యాయవాది,
ప్రకాశం జిల్లా