ఆటోనగర్ లేతు షాపు అన్నకి థ్యాంక్స్

విజయవాడ ఆటోనగర్‌లో ఆదివారం కూడా షాపు తీసిన లేతు పని అన్నకి ఈ నాలుగు మాటలు. పేరు తెలీదు. అడిగేలోపే ఎవరో లారీ డ్రైవరు విరిగిన బోల్టు పట్టుకొచ్చేశాడు.

తుక్కు పైపులతో జలతరంగంలాంటిది చేయాలని మా అమ్మాయి పట్టుదల. పైపు సగానికి కోస్తే పై స్థాయి స స్వరం వస్తుందని దాని లెక్క. వీణ తీగకైతే అంతే కదా మరి! అన్న నవ్వి "తీగ వేరు, పైపు వేరు తల్లీ" అన్నాడు. కొంచెం కొంచెం కోస్తూ, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినిపిస్తూ పోయాడు. ఇంటికొచ్చి టేపు పెట్టి చూస్తే, 50 సెంటీమీటర్ల పైపు స అయితే ప 41 దగ్గర, పై స 35 దగ్గర ఉన్నాయి.

అసలు కిటుకు పైపుని వేలాడదీసే తాడు ఎక్కడ కట్టాలన్నదాంట్లో ఉంది. చివర్లో పట్టుకుంటే ఠక్‌మని చచ్చిపోయే ఆ 50 సెంటీమీటర్ల పైపు, చివరి నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుంటే ఖంగుమని మోగుతూనే ఉంది. కొట్టినప్పుడు పైపు కదలని చోటు అదేనట. పాప చేతులు తెగకుండా అంచులన్నీ ఆకురాయితో ఓపిగ్గా అరగదీశాడు. డబ్బులిస్తే టీకి సరిపడా తీసుకుని మిగతాది వెనక్కిచ్చేశాడు.

అన్నా, వచ్చే ఆదివారం మీకు వాయించి వినిపిస్తానంటోంది. ని స్వరం కాస్త తగ్గి పలుకుతోంది, ఆకురాయి దగ్గర పెట్టుకోండి.